పాఠకుల ప్రశ్నలు: మడమలో మేకు

ప్రశ్న: గ్రీకు పురాణాల్లో క్రీట్ దీవికి కాపలా కాసే కంచుమనిషి టాలోస్‌ను అడుగున్నర ఎత్తున, బోలుగా పోత పోయించాలని ఉంది. తల బదులు సీసీ కెమెరా పెడితే నేటి నిఘా మీద ప్రశ్న అవుతుందా? మైనం, లోహం ఎంత పడతాయి? (శిల్పకళా విద్యార్థి, విజయనగరం)

జవాబు: కెమెరా తగిలిస్తే బొమ్మ కాస్తా బోర్డు అయిపోతుంది. కథలోనే అంతకంటే పదునైన చోటుంది. రోజుకు మూడుసార్లు దీవి చుట్టే ఆ యంత్రానికి మెడ నుంచి మడమ దాకా ఒకటే నరం, దాని చివర ఒక మేకు. మంత్రగత్తె మెడియా మాయమాటలు చెప్పి ఆ మేకు పీకేసిందని ఒక కథనం. ఈ ఊహ మైనపు పోత పని (మైనపు బొమ్మకు మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం) నుంచే పుట్టిందని కొందరు పండితులంటారు. అందుకని లోహాన్ని మడమలోంచే పోయించండి. పోసిన దారిలో గట్టిపడి మిగిలే కాడను నున్నగా కోసేయకుండా మేకులా వదిలేయండి.

బొమ్మ బోలుగా రావడానికి లోపల ఉంచే దిమ్మను పుట్టమన్ను, ఊక కలిపి చేసి, బాగా ఆరాక 4 మి.మీ. మందాన మైనం పరవాలి. తేనెమైనంలో కాస్త గుగ్గిలం కలిస్తే ఎండకు జారదు. ఐదారు ఇనుప మేకులు మైనంలోంచి దిమ్మలోకి సగం దించి, సగం బయటికి ఉంచాలి. లేకపోతే మైనం కరగగానే దిమ్మ కదిలి, ఒక పక్క పలచబడి చిల్లు పడుతుంది. అచ్చులో బొమ్మ తలకిందులుగా ఉంటుంది, వేలికొసలు పైకుంటాయి. అక్కడ గాలి చిక్కుకుంటే వేళ్ళు రావు. కాబట్టి ప్రతి చేతి కొస నుంచీ అచ్చు పైదాకా సన్నని మైనపు పుల్ల తేవాలి.

కాడలతో సహా మైనం తూచి 9తో గుణించండి. 700 గ్రాములైతే 6.3 కిలోల ఇత్తడి, చాలకుండా పోకుండా కాస్త ఎక్కువగా 7 కిలోలు కరిగించాలి. అచ్చును నీడలో ఆరబెట్టి, మూతి కిందికి పెట్టి మైనం దించి, లోపల ఎర్రబడేదాకా కాల్చి వేడి మీదే పోయాలి. తడి మిగిలితే ఆవిరి పుట్టి కరిగిన లోహం మొహాన చిమ్ముతుంది! లోహం కరిగించే మూసలోంచి తెల్లపొగ దట్టంగా లేస్తే లోహం అతిగా కాగి జింకు మండిపోతున్నట్టు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు పనివాళ్ళున్నారు. మైనపు బొమ్మ సిద్ధంగా పట్టుకెళ్ళి మాట్లాడండి. ఇత్తడే అడగండి. గంటల కంచులో తగరం ఐదోవంతు పైనే ఉంటుంది, సన్నని చీలమండ దెబ్బకు పుటుక్కుమంటుంది.

ప్రశ్న: ఇత్తడి బొమ్మ లోపల సెన్సర్ పెట్టాను. మనిషి దగ్గరికొచ్చినా కళ్ళు వెలగడం లేదు. (శ్రీకాకుళం)

జవాబు: పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడిని పసిగడుతుంది. ఆ కిరణాలు ఇత్తడిని దాటవు, గాజునూ దాటవు. ఛాతీకి రంధ్రం చేసి సెన్సర్ తెల్ల ప్లాస్టిక్ గుబ్బను బయటికి తీయండి, పైన అద్దం బిగించొద్దు. వైఫై కూడా లోపలే ఆగిపోతుంది, యాంటెన్నా బయటుండాలి.