చిన్న ట్యూబ్ యాంప్ నాదం పెద్ద యాంప్‌లో వినిపించాలంటే

ప్రశ్న: నేను ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. నా దగ్గర 5 వాట్ల చిన్న ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్) ఉంది. ఇంట్లో దాని నాదం ఎంతో నిండుగా ఉంటుంది కాని, కల్యాణ మండపంలో డోలు, నాదస్వరం పక్కన వినిపించనే వినిపించదు. మా బృందానికి 100 వాట్ల ట్రాన్సిస్టర్ గిటార్ యాంప్ ఒకటి ఉంది. చిన్న యాంప్ వెనుక స్పీకర్ పిన్ను పీకేసి, ఆ జాక్ నుంచి గిటార్ కేబుల్‌తో పెద్ద యాంప్ ఇన్‌పుట్‌కు ఇస్తే చాలునని మిత్రుడొకరు చెబుతున్నారు. అలా చేయవచ్చునా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దయచేసి అలా చేయకండి. చిన్న యాంప్ నాదాన్ని పెద్ద యాంప్‌కు అందించడం సాధ్యమే, చాలామంది వాద్యకారులు చేస్తున్న పనే. కాని స్పీకర్ పిన్ను పీకి ఆ పనికి పూనుకోవడం యాంప్‌ను చేతులారా కాల్చుకోవడమే అవుతుంది. పాతికేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక జాతరలో నేను సరిగ్గా ఇదే పని చేశాను. మొదటి పాట చరణంలోకి వచ్చేసరికి యాంప్ లోపల చిటచిటమని చప్పుడు, వెంటనే వార్నిష్ మాడిన వాసన వచ్చాయి, గిటార్ మూగబోయింది. మర్నాడు విప్పి చూస్తే అవుట్‌పుట్ ట్యూబ్ సాకెట్‌లో రెండు పిన్నుల నడుమ బొగ్గు గీత పడి ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ తెగిపోయింది. దాన్ని రీవైండింగ్‌కు ఇచ్చి తిరిగి తెచ్చుకునేసరికి మూడు వారాలు పట్టింది.

ట్రాన్సిస్టర్ యాంప్‌లకు అలవాటు పడినవారికి ఇది వింతగా తోస్తుంది. వాటికి స్పీకర్ తీసేసినా సాధారణంగా ఏమీ కాదు. వాటి భయమంతా స్పీకర్ వైర్లు షార్ట్ కావడం గురించే. ట్యూబ్ యాంప్ సంగతి దీనికి తలకిందులు. అందులో ట్యూబుకూ స్పీకర్‌కూ నడుమ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకర్ లేనప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిన శక్తికి బయటికి పోయే దారి ఉండదు కనుక, ట్యూబ్ కరెంటును ఆపిన ప్రతిసారీ అక్కడి అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోయి, మామూలుకు ఎన్నో రెట్ల వోల్టేజిని వైండింగ్ మీదికి తోస్తుంది. మోటారు సైకిల్ ఇగ్నిషన్ కాయిల్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి నిప్పురవ్వ పుట్టించేది ఈ పద్ధతిలోనే. మరి పెద్ద యాంప్ ఇన్‌పుట్ లోడ్ (స్పీకర్‌లా శక్తిని తీసుకునేది) కాదా అని అడగవచ్చు. దాని నిరోధం పది వేల ఓమ్‌ల నుంచి పది లక్షల ఓమ్‌ల దాకా ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అది ఏమీ తగిలించనట్టే లెక్క.

రెండో చిక్కు పెద్ద యాంప్ వైపుది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 5 వాట్లు అందుతున్నప్పుడు ఆ జాక్ దగ్గర సుమారు 6.3 వోల్టులు ఉంటాయి. గిటార్ పికప్ ఇచ్చేది మామూలుగా వోల్టులో పదో వంతు, గట్టిగా మీటితే ఒక వోల్టు దాకా. అంతటి చిన్న సంకేతం కోసం తయారైన ఇన్‌పుట్‌లోకి ఆరు వోల్టులు పంపితే మీరు కోరుకున్న నాదం రాదు, గరగర మాత్రమే వస్తుంది. ఇన్‌పుట్ దెబ్బతిన్నా ఆశ్చర్యం లేదు.

కాబట్టి చిన్న యాంప్ స్పీకర్ దానికే ఉండనిచ్చి, దాని మీద కనబడే వోల్టేజిలో కొద్ది భాగాన్ని మాత్రమే పెద్ద యాంప్‌కు పంపాలి. ఇందుకు మూడు జాక్‌లున్న ఒక చిన్న ఇనుప పెట్టె చాలు. యాంప్ నుంచి వచ్చిన స్పీకర్ వైరు పెట్టెలోకి వచ్చి, నేరుగా రెండో జాక్ గుండా స్పీకర్‌కు వెళ్లిపోతుంది. ఆ రెండు తీగల మీద, స్పీకర్‌కు సమాంతరంగా, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను, దాని వెనుక 1 కిలో ఓమ్ రెసిస్టర్‌ను వరుసగా కలిపి, 1 కిలో ఓమ్ చివరను ఎర్త్ వైపు తీగకు, అంటే జాక్ బయటి అంచుకు కలిసే తీగకు, అతకాలి. రెండు రెసిస్టర్లు కలిసే చోటు నుంచి మూడో జాక్‌కు తీసుకుంటే, అక్కడ దొరికేది స్పీకర్ వోల్టేజిలో పదకొండో వంతు, అంటే అర వోల్టుకు కాస్త పైన. వీటిలో వృథా అయ్యే శక్తి కొద్ది మిల్లీవాట్లే కనుక పావు వాట్ రెసిస్టర్లు సరిపోతాయి. 1 కిలో ఓమ్ రెసిస్టర్ బదులు అంతే విలువ గల వాల్యూమ్ కంట్రోల్ పెట్టుకుంటే ఇంకా సుఖం. విడిభాగాలు తిరుపతిలోనే దొరకవచ్చు. లేకపోతే చెన్నై వెళ్లినప్పుడు రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకోండి. యాంప్ నుంచి పెట్టెకు, పెట్టె నుంచి స్పీకర్‌కు లావుపాటి రెండు తీగల స్పీకర్ వైరే వాడాలి. పెట్టె నుంచి పెద్ద యాంప్‌కు మాత్రం షీల్డ్ ఉన్న గిటార్ కేబుల్ కావాలి. అతకడానికి ముందు, యాంప్ ప్లగ్గు గోడ నుంచి తీసేసి, స్పీకర్ జాక్ బయటి అంచుకూ యాంప్ ఛాసిస్‌కూ (లోపలి లోహపు చట్రానికీ) మధ్య మీటర్ పెట్టి చూడండి. సున్నా ఓమ్‌లు చూపకపోతే ఈ పద్ధతి మీ యాంప్‌కు నేరుగా పనికిరాదు, నడుమ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల తీగలు తగలకుండానే సంకేతాన్ని దాటించేది) ఉండాలి.

స్పీకర్ స్థానంలో 8 ఓమ్‌ల, 25 వాట్ల రెసిస్టర్ పెట్టినా యాంప్‌కు ప్రమాదమేమీ ఉండదు. అయితే నాదం చప్పబడుతుంది. 8 ఓమ్‌లనేది స్పీకర్‌కు పేరుకే. గిటార్ స్పీకర్ నిరోధం 80, 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఆ విలువకు ఎన్నో రెట్లు పెరుగుతుంది, పై స్థాయి ధ్వనుల దగ్గర మళ్లీ మెల్లగా పైకి పోతుంది. ట్యూబ్ యాంప్, ముఖ్యంగా ఒకే అవుట్‌పుట్ ట్యూబ్ ఉన్న చిన్న యాంప్, ఆ ఎత్తుపల్లాలకు తలొగ్గి ఆ చోట్ల వోల్టేజి పెంచుతుంది. మీరు నిండుదనం అంటున్న దానిలో పెద్ద వాటా ఇదే. స్పీకర్ ఉండగా తీసుకున్న సంకేతంలో అది యథాతథంగా ఉంటుంది. పైగా కాళ్ల దగ్గర మీ వాద్యం మీకు వినిపిస్తుంటుంది.

ఈ సంకేతాన్ని పెద్ద యాంప్ ముందు వైపు ఇన్‌పుట్‌కు ఇస్తే అది మరో ప్రీయాంప్ (సంకేతాన్ని మొదట పెంచి, నాదాన్ని దిద్దే విభాగం) గుండా వెళ్లి, దాని రంగు కూడా పూసుకుంటుంది. వెనుక ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్ తర్వాత బయటి పరికరాలు కలిపే జాక్‌ల జత) ఉంటే, అందులో రిటర్న్ అని రాసి ఉన్న జాక్‌కు ఇవ్వండి. అప్పుడు పెద్ద యాంప్ బాస్, ట్రెబుల్ నాబ్‌లు చాలావరకు పని చేయవు, అది మంచిదే. మొదట చిన్న యాంప్ వాల్యూమ్ సున్నాలో పెట్టి మెల్లగా పెంచుకోండి. పెద్ద యాంప్ స్పీకర్ జాక్‌లోకి మాత్రం పొరపాటున కూడా దీన్ని కలపకూడదు. రెండు అవుట్‌పుట్‌లు ఒకదాని మీదికి ఒకటి తోసుకుంటే రెండూ పోవచ్చు.

శబ్దం మీద అతిగా ఆశ పెట్టుకోకండి. 5 వాట్ల నుంచి 100 వాట్లంటే ఇరవై రెట్లు, 13 డెసిబెల్స్. చెవికి అది సుమారు రెండున్నర రెట్లుగానే తోస్తుంది. నాదస్వరం పక్కన కూర్చున్నవారికి యాంప్‌ను నేల మీది నుంచి ఒక కుర్చీ మీదికి ఎత్తడం కూడా గట్టి సాయమే. మండపం వారి సౌండ్ సిస్టమ్‌కే నేరుగా ఇవ్వవలసి వస్తే ఈ పెట్టె వాడడం కన్నా, చిన్న యాంప్ స్పీకర్ ముందు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక డైనమిక్ మైకు పెట్టడమే మేలని నా అభిప్రాయం. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని చాలావరకు తగ్గించేస్తుంది. అది లేకుండా పెద్ద స్పీకర్లలోకి వెళ్లిన సంకేతం ఇసుక రాసినట్టు వినిపిస్తుంది.

ప్రశ్న: నా ట్యూబ్ యాంప్ లైన్ అవుట్ (మరో యాంప్‌కు సంకేతం పంపే జాక్) నుంచి పెద్ద యాంప్‌కు కలపగానే గట్టిగా హమ్ వస్తోంది. ఒకదాని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే ఆగిపోయింది. ఇలాగే వాడుకోవచ్చునా?
— మరో పాఠకుడు, చిత్తూరు

జవాబు: వాడకూడదు. రెండు యాంప్‌లూ గోడ ప్లగ్గుల ద్వారా ఒకసారి, కేబుల్ షీల్డ్ ద్వారా మరోసారి ఎర్త్‌తో కలుస్తున్నాయి. ఆ చుట్టులో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే మీరు వింటున్న హమ్. కాని మీ గిటార్ తీగలు బ్రిడ్జి, కేబుల్ ద్వారా ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. యాంప్ లోపల 230 వోల్టుల మెయిన్స్, ట్యూబుల కోసం 300 వోల్టులు దాటిన డీసీ ఉంటాయి. ఇన్సులేషన్ ఎక్కడ దెబ్బతిన్నా, ఎర్త్ లేని ఛాసిస్ మీదికి వచ్చిన కరెంటు మీ వేళ్ల నుంచి, పెదవులకు తగిలే మైకు గుండా ఎర్త్‌కు దారి చేసుకుంటుంది. ఆ ప్లగ్గు మార్చేయండి.

ముందు రెండు యాంప్‌లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. పెద్ద యాంప్ వైపు కేబుల్ పీకేసినా చిన్నదాని స్పీకర్‌లో హమ్ వినిపిస్తుంటే ఇది ఎర్త్ చిక్కు కాదు; పాతబడిన ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించి మెకానిక్‌కు చూపించండి, స్విచ్ ఆపాక కూడా వాటిలో ఛార్జి నిలిచి ఉంటుంది కనుక మీరే చేయి పెట్టకండి. కేబుల్ కలిపినప్పుడు మాత్రమే వస్తుంటే, లైన్ అవుట్‌కూ రిటర్న్ జాక్‌కూ నడుమ 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దానికి అవతలి వైపు షీల్డ్‌ను ఇవతలి వైపు షీల్డ్‌తో కలపకుండా వదిలేయండి. గోడ ప్లగ్గుల ఎర్త్ రెండింటికీ అలాగే ఉంటుంది, హమ్ మాత్రం తెగిపోతుంది.