వెనక డిస్క్ బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చేటప్పుడు పిస్టన్‌ను నొక్కకండి, తిప్పండి

ముందు చక్రాల ప్యాడ్లు ఇంట్లో మీరే మార్చుకున్నారని, ఇప్పుడు వెనక చక్రం దగ్గర కీచుమని చప్పుడు వస్తోందని, ఈ పని కూడా సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. అయితే ముందు చక్రాల దగ్గర వచ్చిన అనుభవమే వెనక చక్రాల దగ్గర మనల్ని పొరపాటు చేయిస్తుంది. నా 2012 మోడల్ కరోలా ఆల్టిస్‌కు వెనక ప్యాడ్లు మొదటిసారి మార్చినప్పుడు నాకు జరిగింది అదే.

పని మొదలుపెట్టే ముందు మీ కారు హ్యాండ్ బ్రేక్ చేత్తో లాగే లివరా, లేక బటనా అన్నది చూసుకోండి. బటన్ అయితే కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీద అదిమే భాగం, అందులో ముందుకూ వెనక్కూ కదిలే గుండ్రటి ముక్కే పిస్టన్) వెనక చిన్న మోటారు ఉంటుంది. దాన్ని సర్వీసు స్థితిలోకి, అంటే మోటారు పిస్టన్ మీద పట్టు వదిలే స్థితిలోకి, తీసుకువెళ్ళకుండా పిస్టన్‌ను కదిపితే ఆ మోటారు పాడవుతుంది, కొన్ని కార్లలో ఆ స్థితిలోకి వెళ్ళడానికి కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ కావాలి. నేను చెప్పబోయేది లివర్ ఉన్న కార్ల గురించి, అందులోనూ నా కారులో లాగా హ్యాండ్ బ్రేక్ కేబుల్ నేరుగా కాలిపర్‌కే వచ్చే వాటి గురించి.

వెనక చక్రాన్ని పైకి లేపి పని చేయాలంటే హ్యాండ్ బ్రేక్ దింపి ఉంచక తప్పదు. కనుక కారు కదలకుండా ఆపేది మరొకటి ఉండాలి. నేను అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చదునైన చోట కారు నిలిపి, మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు పెట్టాను. నా కారుకు ఇంజను బలం ముందు చక్రాలకే వెళుతుంది కాబట్టి గేరు వాటిని పట్టి ఉంచుతుంది. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తి, కారు బరువు మోసే ఇనుప స్టాండు పెట్టాను. కారుతో పాటు వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే తప్ప దాని మీద భరోసా పెట్టుకుని కారు పక్కన గంటసేపు కూర్చోవడానికి కాదు. రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క అలాగే ఉంటే, ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉండాలో అనుమానం వచ్చినప్పుడు వెళ్ళి చూసుకోవచ్చు.

నా కారులో 14 నంబరు స్పానర్‌తో కింది బోల్టు విప్పితే కాలిపర్ పైకి లేచింది. దాన్ని పూర్తిగా తీయవలసి వస్తే మాత్రం బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా ఒక తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. పాత ప్యాడ్లు బయటకు తీశాక, మందంగా ఉండే కొత్త ప్యాడ్లకు చోటు చేయడానికి, ముందు చక్రాల దగ్గరి అలవాటు ప్రకారం సీ క్లాంపు (మర తిప్పి బిగించే C ఆకారపు పట్టు) పెట్టి పిస్టన్‌ను లోపలికి నొక్కడం మొదలుపెట్టాను. కదలలేదు. ఇంకొంచెం బిగించాను. అప్పుడూ కదలలేదు సరికదా, క్లాంపు మర చేతికి గట్టిగా ఎదురుతిరిగింది. అక్కడ ఆపడం నా అదృష్టం.

వెనక పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు ఆ మరే పిస్టన్‌ను ముందుకు నెడుతుంది, ప్యాడ్ అరిగేకొద్దీ ఆ ఖాళీని కూడా అదే సర్దుకుంటుంది. అందుకే దాన్ని బలవంతంగా నొక్కితే లోపలి భాగాలు దెబ్బతిని, కాలిపర్ మొత్తం కొనవలసి వస్తుంది. పిస్టన్ ముఖాన్ని గుడ్డతో తుడిచి చూస్తే ప్లస్ గుర్తు ఆకారంలో గాడులు కనిపించాయి. వాటిలో పనిముట్టు పెట్టి, కొద్దిగా ఒత్తిడి ఇస్తూ, గడియారం ముళ్ళు తిరిగే దిక్కుకు తిప్పితే నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. కొన్ని కార్లలో ఒక పక్క పిస్టన్ ఎదురు దిక్కులో తిరుగుతుంది కనుక, పావు చుట్టు తిప్పి లోపలికి వెళుతోందో బయటికి వస్తోందో చూసి కొనసాగించండి. తిప్పే పనిముట్టు విడిగా దొరుకుతుంది. నేను ముక్కు పట్టకారతో తంటాలు పడ్డాను గాని అది జారి పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగును చీల్చే ప్రమాదం ఉంది, ఆ కొద్ది డబ్బు పనిముట్టు మీద పెట్టడమే మేలు. పిస్టన్‌తో పాటు ఆ తొడుగు కూడా మెలి తిరుగుతుంది, దాన్ని వేలితో సరిచేయండి. చివరికి గాడి ఎటు చూస్తోందన్నది కూడా ముఖ్యమే. లోపలి ప్యాడ్ వీపున చిన్న బొడిపె ఉంటే అది ఆ గాడిలో కూర్చోవాలి, లేకపోతే ప్యాడ్ వాలుగా నిలిచి ఒక అంచున అరిగిపోతుంది.

పిస్టన్ వెనక్కు వెళుతున్నప్పుడు బ్రేక్ ఆయిల్ పైనున్న డబ్బాలోకి తిరిగి వస్తుంది. మధ్యలో ఎప్పుడో ఎవరైనా ఆయిల్ నిండుగా పోసి ఉంటే అది పొంగి పొర్లుతుంది. అది పడితే పెయింటు ఊడిపోతుంది కాబట్టి వెంటనే నీళ్ళతో కడగాలి. ముందే సిరంజితో కొంచెం తీసిపెట్టుకోవడం సులభం.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువసేపు వెచ్చించినది, చాలామంది వదిలేసేది, కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఆధారంగా ఉండే పిన్నుల విషయం. కుడి చక్రంలో లోపలి ప్యాడ్ 2 మి.మీ. మిగిలితే బయటి ప్యాడ్ 6 మి.మీ. ఉంది. ఒకే చక్రంలో అంత తేడా ఉన్నదంటే కాలిపర్ జారడం లేదని, పిస్టన్ ఉన్న వైపు ప్యాడే మోత మొత్తం మోస్తోందని అర్థం. కింది పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. అటూ ఇటూ తిప్పుతూ ఇరవై నిమిషాలకు బయటకు లాగి, సన్నటి ఇసుక కాగితంతో శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పూశాను. మామూలు చాసిస్ గ్రీజు వాడకండి, అది తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. ఈ పని చేయకుండా కొత్త ప్యాడ్లు మాత్రమే వేసి ఉంటే అవి కూడా అదే తీరున తొందరగా అరిగిపోయేవి, నేను ప్యాడ్ల నాణ్యతను తిట్టుకునేవాడిని. ప్యాడ్లు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద పేరుకున్న తుప్పును కూడా వైరు బ్రష్‌తో తీయండి. ఆ దుమ్మును నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

డిస్కు మీద లోతైన గీతలు ఉన్నాయా అని చూడండి. కనీస మందం ఎంత ఉండాలన్నది సాధారణంగా దాని మీదే ముద్ర వేసి ఉంటుంది. పిస్టన్ చుట్టూ తడి కనిపిస్తే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి, అది ప్యాడ్లతో తీరే సమస్య కాదు.

కాలిపర్ ఊడదీసి ఉండగా ఎవరూ బ్రేక్ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ఇంట్లో పిల్లలు ఉన్నారు కాబట్టి నేను కారుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. అంతా బిగించాక, కారు కదిపే ముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి. మొదటిసారి అది నేలకు ఆనుతుంది, కంగారు పడవద్దు. తర్వాత హ్యాండ్ బ్రేక్‌ను కొన్నిసార్లు లాగి వదలండి. ఆయిల్ మట్టం మళ్ళీ చూసుకోండి. వీల్ నట్లను ఎదురెదురుగా ఒక్కొక్కటి బిగించండి.

వాహనాలు లేని రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెత్తగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారడానికి వ్యవధి ఇస్తూ ఎనిమిది, పది సార్లు చేస్తే ప్యాడ్లు డిస్కుకు అమరుతాయి. తిరిగి వచ్చాక రెండు వెనక చక్రాల దగ్గరా చేయి కాస్త దూరంగా పెట్టి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క పిన్ను గాని, హ్యాండ్ బ్రేక్ కేబుల్ గాని పట్టేసి ఉంది. వారం తర్వాత నేను మా పార్కింగ్ ర్యాంపు మీద కారు ఆపి హ్యాండ్ బ్రేక్ లాగి చూశాను. ఇదివరకు పది క్లిక్కులకు పట్టేది ఏడింటికే పట్టింది, కేబుల్ జోలికి వెళ్ళవలసిన అవసరం రాలేదు.