పెండ్లి క్యాసెట్‌లో ఎవరూ చూడని ఆ 22 నిమిషాలు

"ఆన్‌లైన్‌లో అనుకోకుండా కంటబడి మిమ్మల్ని బాగా నవ్వించిన వీడియో ఏది?" అని అడిగారు. నాకైతే ఆలోచించే పనే లేదు. 1995 మే నెలలో మా ఊళ్లో జరిగిన ఒక పెండ్లి క్యాసెట్. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ పక్కన చిన్న ఊరు. ఆ పెండ్లి మా ఇంట్లోది కాదు, మా వాకిలికి ఎదురింటి అక్కది. ఆమె అచ్చంపేట దిక్కు కోడలై పోయింది. వాళ్ల కొడుకు ఆ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి "మా అమ్మా నాయిన పెండ్లి 1995" అని పేరు పెట్టి నెట్‌లో పెట్టాడు. నేను చూసే నాటికి దాన్ని చూసినవాళ్లు 200 మంది కూడా లేరు.

పోయినేడాది చలికాలంలో మా అక్క బిడ్డ పెండ్లికి బ్యాండు మేళం వెతుకుతూ, రాత్రి పదకొండున్నరకు వనస్థలిపురంలో మా ఇంట్లో ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. మేళాల వీడియోల మధ్యలో ఇది వచ్చింది. పైన కనబడ్డ బొమ్మలో హనుమాండ్ల గుడి, గుడి ముందర రావిచెట్టు, చెట్టు కొమ్మకు కట్టిన మైకు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. చెట్టును చూసి ఊరును గుర్తుపట్టాను.

ఇక నవ్వు సంగతి. మొదట్లోనే తామరపువ్వు విచ్చుకుంటుంది, దాంట్లో పెండ్లికొడుకు. పెండ్లిపిల్ల అరచెయ్యి చాపితే చేతిలో మళ్లీ ఆయనే. తర్వాత ఇద్దరూ తాజ్‌మహల్ ముందర నిలబడి ఉంటారు, అప్పటికి హైదరాబాదు దాటి పోయినవాళ్లు కాదు ఇద్దరూ. పుస్తె కడుతుంటే తెర ఎనిమిది ముక్కలై ఎనిమిది ముక్కల్లోనూ పుస్తె కడతారు. తలంబ్రాల దగ్గర పై నుంచి నక్షత్రాలు రాలుతాయి. కడుపుబ్బ నవ్వాను. ఆ వీడియో తీసినాయన మీద నాకు అంతకంత గౌరవం కూడా ఉంది. భుజం మీద పెద్ద వీడియో కెమెరా మోసుకుంటూ, మే నెల ఎండలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, ఏ ఒక్క ముఖమూ తప్పిపోకుండా తీశాడు. వెనక ఒక పిలగాడు హాలోజన్ లైటు పట్టుకొని వైరు ఈడ్చుకుంటూ తిరుగుతుంటాడు. ఆ లైటు వేడికి అయ్యగారు మంత్రం మధ్యలో కండువాతో ముఖం తుడుచుకుంటారు. లైటు వెనకాల పసుపు అంగీ వేసుకొని నేను. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. కెమెరా ఎటు తిరిగితే అటు ఉన్నాను.

ఈ కాలం పిల్లలు ఇట్లాంటి వీడియోల కింద "క్రింజ్" అని రాసి పోతున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ క్యాసెట్ అప్పట్లో మా ఊరికి సినిమా. పెండ్లయిన నెలకు దేవరకొండ నుంచి కలర్ టీవీ, వీసీపీ (క్యాసెట్లు ఆడించే మిషను) కిరాయికి తెచ్చి వాకిట్లో పెట్టారు. మొదట రెండు సినిమాలు, తెల్లారుజామున పెండ్లి క్యాసెట్. సినిమాలకు నిద్రపోయిన ముసలోళ్లంతా లేచి కూర్చున్నది పెండ్లి క్యాసెట్‌కే. తెర మీద ఎవరి ముఖం పడితే వాళ్లింటి దిక్కు నుంచి ఈలలు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. భోజనాల బంతి మీదుగా కెమెరా మెల్లగా పోతుంటుంది. మోదుగాకు ఇస్తార్లు, బగార అన్నం, పప్పుచారు. పెద్దోళ్లు నవ్వితే పండ్ల మీద గోధుమరంగు మచ్చలు. నలభై దాటినోళ్లు చాలామంది నడుము వంచే నడుస్తున్నారు, ఒకాయన మోకాళ్లు పట్టుకొని లేస్తాడు. అదంతా ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు చేసిన పని. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఊళ్లలాగే మా ఊళ్లోనూ బోరు నీళ్లే తాగాం. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది, 1967లోనే కాలువలకు నీళ్లు వదిలారు, మా కుండలోకి మాత్రం కృష్ణ నీళ్లు రావడానికి ఎన్నేండ్లు పట్టిందో మా ఊరోళ్ల ఎముకలను అడగాలి. తొమ్మిదేండ్ల వయసులో మనుషులంటే అట్లనే నడుస్తారనుకున్నాను. క్యాసెట్ చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

అసలు సంగతికి వస్తాను. ఆ వీడియోలో సగానికి పైగా మూగది. తీసినాయన ప్రతి ఘట్టానికీ ఒక సినిమా పాట వేశాడు, పుస్తెకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. వీడియో సైటు ఆ పాటలను దానంతటదే పసిగట్టి, హక్కులు వేరేవాళ్లవని సౌండ్ తీసేసింది. పాటల హక్కుల గురించి నాకు పేచీ లేదు. కానీ 200 మంది చూసిన పెండ్లి క్యాసెట్ వల్ల ఎవరికి ఏం నష్టం? మా ఎదురింటి అక్క నోరు తెరిచి ఏడుస్తుంటుంది, గొంతు రాదు. నిజానికి ఆ ఏడుపు మీద అప్పుడే పాట వేసేశారు, అసలు గొంతు క్యాసెట్‌లో ఉందో లేదో కూడా తెలియదు.

మూగబొమ్మలు చూసి చూసి, ఇక ఆపేద్దామనుకుంటుండగా ఒక గంటా యాభై నిమిషాల దగ్గర సౌండ్ వచ్చింది. కట్నాలు చదివించుడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: పెండ్లికి వచ్చినోళ్లు ఇచ్చిన పైసలు, సామాన్లు ఒకాయన మైకులో పేరుపేరునా చదువుతుంటాడు, పక్కన ఇంకొకాయన పుస్తకంలో రాస్తుంటాడు. ఆ పుస్తకం చూసి రేపు ఇచ్చినోళ్ల ఇంట్లో లగ్గమైతే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. ఇరవై రెండు నిమిషాలు ఇదే. తీసినాయనకు ఇది పనికిరాని ముక్క అనిపించి ఉంటుంది, దీని మీద పాట వేయలేదు. పాట వేయలేదు కాబట్టి సైటు కూడా దీన్ని ముట్టుకోలేదు.

మొదట మైకు మీద వేలితో రెండుసార్లు కొట్టిన చప్పుడు. తర్వాత ఒక చిన్న దగ్గు. తర్వాత "హలో... హలో... ఇనబడ్తుందా?"

మా నాయిన.

నాయిన మా ఊరి పోస్టాఫీసు చూసుకునేవాడు. ఉత్తరాలు పంచీ పంచీ చుట్టుపక్కల పది ఊళ్ల ఇంటిపేర్లు నోటికి వచ్చు, అందుకని ఎవరింట్లో పెండ్లయినా మైకు ఆయన చేతికే ఇచ్చేవాళ్లు. 2004లో పోయాడు. ఆయన ఫొటోలు మా దగ్గర రెండే ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఇరవై ఏండ్లలో ఆ గొంతు నా మనసులోనే మారిపోయిందని ఆ రాత్రి తెలిసింది. నేను గుర్తుపెట్టుకున్నది బరువైన గొంతు. మైకులో వచ్చింది సన్నగా, కొద్దిగా ముక్కుతో మాట్లాడే గొంతు.

"పెండ్లిపిల్ల మేనమామ, మల్లేపల్లి, నూటపదహారు రూపాయలు, చీర, రైక, ఇత్తడి బిందె ఒకటి! బండి కాడ నిలబడ్డ బావా, నీ పేరు రాసిన, పైసలు ఇంక నీ జేబులనే ఉన్నయ్, జర ఇటు రా. ఆడోళ్ల బంతి లేసింది, మొగోళ్లు కూసోండ్రి. ఎర్ర లాగు ఏసుకున్న పిలగాడు పందిట్లో ఏడుస్తున్నడు, తల్లి ఎవరో వచ్చి తీస్కపోవాలె..."

ఇట్లా ఇరవై రెండు నిమిషాలు. నవ్వుతూనే ఉన్నాను, కండ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. మా ఆవిడ లేచి వచ్చి ఏమైందని అడిగితే ఫోన్ ఆమె చేతికిచ్చాను. మామగారి గొంతు ఆమె వినడం అదే మొదటిసారి.

తెల్లారి మొదటి బస్సుకు ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి మీదుగా ఊరికి పోయాను. అమ్మ వాకిట్లో చింతకాయ కొడుతోంది. ఏమీ చెప్పకుండా ఫోన్ పక్కన పెట్టి మొదలుపెట్టాను. అమ్మ రోకలి ఆపింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మొదటి మాట ఇది: "గొంతు రాసిపోయింది సూడు. పొద్దుగాల ఛాయ్ తాగి పోయిండు, మూడింటి దాంక మైకు ఇడిసిపెట్టలే. నేనే పోయి బువ్వకు పిలిస్తే గానీ రాలే."

కొంతసేపటికి అమ్మ ముందుకు జరిగి "ఇంక ముందుకు పోనియ్, మీ పెద్దమ్మది రావాలె" అంది. అప్పుడు నాకూ గుర్తొచ్చింది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, హాలియాలో ఉంటుంది. ఆ పెండ్లికి ఆమె 51 రూపాయలు పెడితే నాయిన మైకులో ఒక్క రూపాయి అని చదివాడని, ఊరందరి ముందర తన ఇజ్జత్ తీశాడని రెండేండ్లు మా గడప తొక్కలేదు. నాయిన ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆయన పోయేదాకా ఆ మాట ఆయన మీద ఉండిపోయింది.

పదహారో నిమిషం దగ్గర వచ్చింది. "హాలియా, మా వదినె, యాభై ఒక్క రూపాయలు." యాభై అన్న దగ్గర మైకు కుయ్యిమంటుంది, సరిగ్గా అక్కడే. కెమెరా మైకు పక్కనే ఉంది కాబట్టి క్యాసెట్‌లో మాట స్పష్టంగా ఉంది. పందిరి చివర చెట్టు కింద కూర్చున్న పెద్దమ్మకు ఏం వినబడి ఉంటుందో మీరే అనుకోండి.

అమ్మ చేతులు కడుక్కోకుండానే "దానికి ఫోన్ కొట్టు" అంది. స్పీకర్ పెట్టి నాయిన గొంతు వినిపించాం. అటువైపు చప్పుడు లేదు. "ఇంకోపారి పెట్టు బిడ్డా" అంది పెద్దమ్మ. మళ్లీ పెట్టాను. "మైకు గట్ల ఇనబడింది మరి" అంది. అమ్మ గెలిచినట్టు నవ్వింది, తర్వాత ఇద్దరూ ఫోన్లో గంటసేపు ఏడ్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఇంతకన్నా మంచి వీడియో నెట్‌లో ఏముంది?

అందుకే ఈ కాలం పెండ్లి వీడియోలంటే నాకు కోపం. ఆ తర్వాత మా అక్క బిడ్డ పెండ్లి అయింది. సోమశిలలో కృష్ణ ఒడ్డున ముందే షూటింగ్, డ్రోను, నలుగురు కెమెరావాళ్లు. చివరికి చేతికొచ్చింది నాలుగు నిమిషాల ట్రైలర్, ఒక గంట సినిమా. ఒక్క మనిషి గొంతు లేదు, అంతా మ్యూజిక్. అసలు సౌండ్‌తో తీసిందంతా ఇవ్వండి అని అడిగితే, హార్డ్‌డిస్క్ ఖాళీ చేసేశాం సార్ అన్నారు. కట్నాలు చదివించేవాళ్లు ఎట్లాగూ లేరు, గేటు దగ్గర స్కాన్ చేసి పైసలు వేసి పోతున్నారు. డీజే చప్పుడులో పక్కనున్న మా అమ్మ మాటే నాకు వినబడలేదు. మీ ఇంట్లో పెండ్లి ఉంటే వీడియోవాళ్లతో ముందే మాట్లాడుకోండి: ఒక కెమెరా పక్కన పెట్టి, కోత లేకుండా, పాట లేకుండా, ముచ్చట్లు ముచ్చట్లలాగే తీయాలని. పైసలు ఎక్కువడిగినా ఇవ్వండి.

ఆ అచ్చంపేట పిలగాడికి మెసేజ్ పెట్టాను. వాడు ఆ కట్నాల ముక్క బోరు కొడుతోందని తీసేసి, చిన్న వీడియో మళ్లీ పెడదామనుకుంటున్నాడట! తీయకు తమ్ముడూ, మైకులో ఉన్నది మా నాయిన అని చెప్పాను. మొత్తం ఫైలు పెన్‌డ్రైవ్‌లో పంపాడు. సగం మూగ చేసింది సైటే గానీ ఫైల్లో పాటలతో సహా అంతా ఉంది.

అప్పటి నుంచి పాత పెండ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించుడే నాకు పని. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి అడిగి ఒక పాత వీసీఆర్ సంపాదించాను. కొత్తవి ఇక రావు, ప్రపంచంలో చివరిగా వాటిని చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. మీ బీరువాలో ఉన్న ఈ-180, అంటే మూడు గంటల క్యాసెట్‌లో దాదాపు పావు కిలోమీటరు టేపు ఉంటుంది. ప్లాస్టిక్ పొర మీద అయస్కాంతపు పొడి పూత, అంతే. మన ఎండలకు, వానాకాలం చెమ్మకు ఆ పూత ఊడిపోతుంది, బూజు పడుతుంది. ఏండ్ల తరబడి బీరువాలో ఉంటే చాలు, ముట్టుకోకపోయినా పాడవుతుంది. మూడు గంటల క్యాసెట్‌ను ఎక్కించడానికి మూడు గంటలూ పడుతుంది, తొందర చేసే మార్గం లేదు.

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు ఎవరి దగ్గరైనా పాత పెండ్లి క్యాసెట్లు ఉంటే నాకు మెసేజ్ చేయండి. ఆదివారాలు ఊళ్లోనే ఉంటాను. పైసలు వద్దు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచుకు తెల్లగా కనబడితే మాత్రం ఏ ప్లేయర్లోనూ పెట్టకుండా అట్లాగే తెండి. పెడితే ఆ బూజు ప్లేయర్లో టేపును చదివే హెడ్డుకు అంటుకొని తర్వాతి క్యాసెట్‌నూ పాడుచేస్తుంది, దాన్ని ముందు విడిగా తుడవాలి.