చేపకు కొమ్మా?

సందేహం: మా అబ్బాయికి బడిలో మత్స్యావతార కథ చెబుతూ "మనువు పడవను చేప కొమ్ముకు కట్టాడు" అన్నారట. చేపకు కొమ్మేమిటి? రెక్క అనో మొప్ప అనో అనాలి కదా! రెండామడల బావిలో పట్టని చేపను ఒక్కడే గంగ దాకా ఎలా మోశాడు? మనువు అని ఒకచోట, సత్యవ్రతుడని ఒకచోట ఎందుకుంది? పడవ, ఓడ, నావల్లో ఏది సరి?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: కొమ్మే. మీ అబ్బాయికి చెప్పిన మాట సరైనదే.

మనువు పెంచిన చిన్న చేప పెద్దదై, ప్రళయంలో అతడి ఓడను లాగి కాపాడిన ఈ కథ భారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పేది. నన్నయ శారదరాత్రుల పద్యం దగ్గర ఆగిపోయాక మన గుడ్లూరు ఎఱ్ఱన అందుకున్న భాగంలోది. వ్యాసుడి శ్లోకంలో చేప "శృంగినై (కొమ్ము గలదాన్నై) వస్తాను, ఆ గుర్తుతో నన్ను తెలుసుకో" అంటుంది. రెక్కలు ప్రతి చేపకూ ఉంటాయి, వాటిని చూసి గుర్తుపట్టేదేముంది? ఇక మొప్ప చేపకు ఊపిరాడే చోటు. అక్కడ తాడు బిగిస్తే ఓడను లాగేదెవరు?

నెల్లూరు చేపల అంగట్లో జెల్లలు అమ్మే ఆమెను చూడండి. కత్తి పెట్టేముందు పక్కల నిలబడ్డ వాటిని పుటుక్కున విరిచేస్తుంది. వాటిని ఆమె ముల్లు అంటుందే గాని కొమ్ము అనదు. అదే, మూతి ఈటెలా పొడుచుకొచ్చిన చేపను మన జాలరులు కొమ్ముకోనాం అంటారు. గుచ్చుకునేది ముల్లు, కదిలేది రెక్క, తలమీదో ముందుకో పొడుచుకొచ్చేది కొమ్ము. ఈ తేడా సముద్రం మీద బతికేవాళ్లకు తెలుసు. పిల్లల పుస్తకాలు రాసేవాళ్లే తోకకు కట్టాడని ఒకరు, మెడకు కట్టాడని ఒకరు రాస్తున్నారు. చేపకు మెడ ఎక్కడుందో వాళ్లే చూపించాలి.

ఈ కొమ్ము మాటకు పెద్ద చుట్టరికముంది. కొమ్ము, కొమ్మ ఒక్క ధాతువు బిడ్డలు. సూళ్లూరుపేట దాటితే వినిపించే తమిళ "కొంబు"కు పశువు కొమ్మూ అర్థమే, చెట్టు కొమ్మా అర్థమే. మొదట్లో రెండూ ఒకటే: మొదలు నుంచి చీలి బయటికి వచ్చింది. తెలుగు ఆ చివరి అచ్చు మార్చి రెంటినీ విడదీసింది. సంస్కృత శృంగం ఇంకో దారి పట్టింది. దానికి కొమ్మూ అర్థమే, కొండ శిఖరమూ అర్థమే. అందుకే భారతంలో ఓడను ముందు చేప శృంగానికి కడతారు, చివర హిమవంతుడి శృంగానికి కడతారు. ఆ శిఖరానికి నౌబంధనమని పేరు కూడా వచ్చింది. ఒకే మాట రెండు చోట్లా ఓడను పట్టుకుంది! తెనిగిస్తే ఈ అందం పోతుంది, ఒకచోట కొమ్ము, ఇంకోచోట శిఖరం అనక తప్పదు. అంతకంటే పాతదైన శతపథ బ్రాహ్మణమనే వేద గ్రంథంలో కొండమీద చెట్టుకు కట్టుకోమంటుంది చేప. తెలుగువాడు చెబితే కొమ్ముకు కట్టింది విప్పి కొమ్మకు కట్టాడన్నమాట. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

"కొమ్ముకాయడం" అంటే అండగా నిలవడం. పత్రికలు దాన్ని అవినీతికి, అక్రమాలకు తప్ప వాడడం మానేశాయి. మంచి మాటను ఇలా మురికి చేయడం బాగాలేదు. మనువుకు చేప చేసింది అచ్చమైన కొమ్ముకాయడమే.

మోత సంగతి మీకంటే ముందే కథకుడికి తట్టింది. ఎంత పెద్దదైనా ఆ చేప మనువు మోయగలిగినట్టే ఉందనీ, తాకితే, వాసన చూస్తే హాయిగా ఉందనీ అక్కడే ఉంది. సత్యవ్రతుడు భాగవతంలోని ద్రవిడ రాజు, అతడే తర్వాత వైవస్వత మనువయ్యాడు. అక్కడ తాడు వాసుకి.

నావ సంస్కృతం నుంచి వచ్చింది, ఓడ మనది. ఏడుగురు ఋషులు, సమస్త బీజాలు ఎక్కినదాన్ని పడవ అనడానికి నా మనసొప్పదు, ఓడ అనండి. శతపథంలో మాత్రం మిగిలింది మనువు ఒక్కడే. ఆ కథ చెప్పేటప్పుడు పడవ అన్నా తప్పు పట్టలేను.