పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రోమ్‌లోని టైటస్ తోరణం

ప్రశ్న: రోమ్ నగరంలోని టైటస్ తోరణాన్ని అందరూ విజయ తోరణమనే అంటారు. జెరూసలేంను జయించి వచ్చిన టైటస్ ఈ తోరణం కిందుగానే ఊరేగుతూ వెళ్ళాడా? అసలు దీనిని ఎవరు, ఎందుకు కట్టించారు?

జవాబు: టైటస్ దీని కిందుగా ఊరేగలేదు. జెరూసలేం ఆయన చేతికి చిక్కింది క్రీ.శ. 70లో, తండ్రి వెస్పాసియన్ చక్రవర్తితో కలిసి రోమ్‌లో విజయోత్సవం జరుపుకొన్నది ఆ మరుసటి ఏడు. తండ్రి తరువాత 79లో సింహాసనమెక్కిన టైటస్, రెండేళ్ళు దాటిన కొద్ది నెలలకే, 81 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఇప్పుడు మనం చూస్తున్న తోరణం ఆ తరువాత, ఆయన తమ్ముడు డొమిషియన్ ఏలుబడిలో నిలిచింది.

ఈ సంగతి చెప్పడానికి బయటి ఆధారాలను వెదకనక్కరలేదు. కొలోసియం వైపు, అంటే తూర్పు ముఖం మీద, పెద్ద పెద్ద లాటిన్ అక్షరాలలో ఒక శాసనం ఉంది. సెనేటు, రోమన్ ప్రజలు కలిసి, దేవుడైన వెస్పాసియన్ కుమారుడూ తానూ దేవుడే అయిన టైటస్‌కు దీనిని సమర్పిస్తున్నారని దాని భావం. రోమ్‌లో ఒక చక్రవర్తిని ఈ విధంగా దేవుడని శాసనంలో పేర్కొన్నారంటే, ఆయన మరణించిన మీదట సెనేటు ఆయనకు దైవత్వం ప్రకటించిందని అర్థం. కమాను కిందికి వెళ్ళి తలెత్తి చూస్తే ఇదే మాట శిల్పంలోనూ కనబడుతుంది: చతురస్రాకారపు గళ్ళతో నిండిన పైకప్పు నడుమ, ఒక డేగ టైటస్‌ను ఆకాశానికి మోసుకుపోతూ ఉంటుంది. కనుక దీనిని, యుద్ధ విజయాన్ని తలచుకొంటూనే, మరణించిన చక్రవర్తిని దేవతల సరసన నిలబెట్టిన స్మారకంగా చూడడమే సబబని మా అభిప్రాయం.

అయితే విజయోత్సవం ఈ తోరణంలో లేకపోలేదు. కమాను లోపలి గోడలకు రెండు పక్కలా, సుమారు రెండు మీటర్ల ఎత్తున్న రెండు శిల్పఫలకాలున్నాయి. ఉత్తరపు ఫలకంలో టైటస్ నాలుగు గుర్రాల రథంపై నిలబడి ఉండగా, వెనుక నుంచి విజయదేవత ఆయన తలపై కిరీటం పట్టి ఉంటుంది. ఆ ఉత్సవాన్ని వివరంగా వర్ణించిన యూదు చరిత్రకారుడు జోసెఫస్ మాట ప్రకారం, ఆనాడు తండ్రీ కొడుకులిద్దరూ రథాలలో సాగగా, డొమిషియన్ గుర్రంపై పక్కనే నడిచాడు. శిల్పి మాత్రం తండ్రినీ తమ్ముడినీ వదిలివేసి, టైటస్ చుట్టూ దేవతలను పేర్చాడు. జరిగినది జరిగినట్లు చూపడం శిల్పి ఉద్దేశం కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

దక్షిణపు ఫలకమే ఈ తోరణానికి లోకప్రసిద్ధి తెచ్చింది. జెరూసలేం దేవాలయం నుంచి కొల్లగొట్టిన ఏడు కొమ్మల దీపవృక్షాన్ని, దేవుని సన్నిధిలో రొట్టెలు ఉంచే బల్లను, వెండి బూరలను సైనికులు భుజాలకెత్తుకొని, కుడి పక్కన ఏటవాలుగా చెక్కిన ఒక ద్వారంలోకి ప్రవేశిస్తూ ఉంటారు. ముందు వరుసలోని మనుషులు రాతి నుంచి దాదాపు విడివడినంత లోతుగా చెక్కబడగా, వెనుకవారి తలలు పలుచగా గీసినట్లు మాత్రమే ఉండడం వలన, గుంపు నిజంగా కదులుతున్నదనే భావన కలుగుతుంది. అంతగా ముందుకు పొడుచుకొని వచ్చిన భాగాలే శతాబ్దాల రాపిడికి ఎక్కువగా విరిగిపోయాయి కూడా. 2012లో పరిశోధకులు జరిపిన పరీక్షలో దీపవృక్షంపై పసుపుపచ్చని రంగు ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఈ రోజు తెల్లగా కనబడే ఆ రాతి దీపం ఒకప్పుడు బంగారు ఛాయలో కనబడేదన్నమాట.

ఇక అసలైన విజయ తోరణం సంగతి. టైటస్ బతికి ఉండగానే, 81లో, రథపు పందేలు జరిగే సర్కస్ మాక్సిమస్ మైదానపు తూర్పు కొసన ఆయన పేర మూడు ద్వారాల మరొక తోరణం లేచింది. అది కూలిపోయి చాలా కాలమైంది. తవ్వకాలలో దాని శకలాలు మాత్రం దొరికాయి. దాని శాసన పాఠం మనకు దక్కడానికి కారణం, మధ్యయుగాలలో ఎవరో దానిని చూసి రాసుకోగా, ఆ ప్రతి స్విట్జర్లాండ్‌లోని ఐన్‌సీడెల్న్ మఠంలో భద్రంగా ఉండడమే. అంతకు ముందటి సేనానులకు, రాజులకు, జాతులకు సాధ్యం కాని జెరూసలేంను, లేదా వారు ముట్టడించడానికే సాహసించని జెరూసలేంను, టైటస్ నేలమట్టం చేశాడని ఆ శాసనం చాటింది. ఇది పచ్చి అబద్ధం. క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే స్వయంగా ఆ నగరాన్ని పట్టుకొన్నాడు. అంతకు ఐదు శతాబ్దాలకు పైగా ముందే బాబిలోను రాజు నెబుకద్నెజరు దానిని ధ్వంసం చేశాడు. శాసనం రాతిలో చెక్కినదైనంత మాత్రాన సత్యమని నమ్మరాదు.

ప్రశ్న: టైటస్ తోరణం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నట్లు ఫొటోలలో కనబడుతుంది. ఇదంతా పాత కట్టడమేనా?

జవాబు: కాదు. మధ్యయుగాలలో రోమ్‌లోని ఫ్రాంజిపానే అనే బలమైన కుటుంబం ఈ తోరణాన్ని తమ కోటగోడలో కలుపుకొంది. దాని వలన పక్క భాగాలు పోయినా, గోడల నడుమ ఇరుక్కొన్న మధ్యభాగం మిగిలింది. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో ఆ గోడలను తొలగించినప్పుడు తోరణం తనంత తాను నిలబడలేని స్థితికి చేరడంతో, వాస్తుశిల్పి జుసెప్పె వలాడియే దానిని రాయి రాయిగా విప్పి మళ్ళీ నిలబెట్టాడు. పోయిన భాగాలను పూరించేటప్పుడు ఆయన పాటించిన నిజాయితీ మమ్మల్ని ఎంతో ఆకట్టుకొంటుంది. అసలు తోరణం గ్రీసు నుంచి తెచ్చిన పాలరాయిది కాగా, కొత్త భాగాలకు ఆయన ట్రావెర్టైన్ అనే వేరే రాతిని వాడాడు. ద్వారానికి దగ్గరగా ఉన్న పాత స్తంభాలకు నిలువు గాడులున్నాయి; అంచులలోని కొత్త స్తంభాలు నున్నగా ఉన్నాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే, ఏది పాతదో ఏది కొత్తదో ఎవరైనా దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఫోరం (ప్రాచీన రోమ్ నగర కూడలి) వైపు, అంటే పడమటి ముఖం మీద ఉన్న శాసనం, ఈ జీర్ణోద్ధరణ చేయించిన ఏడవ పయస్ పోపును గురించినది; దానిని రోమన్ కాలపు శాసనమని పొరబడేవారున్నారు.

ప్రశ్న: శిల్పంలోని దీపవృక్షం చివరకు ఏమైంది?

జవాబు: వెస్పాసియన్ 75లో ప్రతిష్ఠించిన శాంతి దేవాలయంలో ఈ దోపిడీ సొత్తును ఉంచారని జోసెఫస్ రాశాడు. 455లో వాండల్ జాతివారు రోమ్‌ను దోచుకొని, ఉత్తర ఆఫ్రికాలోని తమ రాజధాని కార్తేజ్‌కు ఎంతో సంపదను తరలించారు. 534లో బైజాంటియన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) సేనాని బెలిసారియస్ వాండల్ రాజ్యాన్ని జయించి, కాన్‌స్టాంటినోపుల్‌లో జరిపిన విజయోత్సవంలో యూదుల నిధులను కూడా ప్రదర్శించాడనీ, జస్టీనియన్ చక్రవర్తి వాటిని జెరూసలేంలోని క్రైస్తవ ఆలయాలకు పంపివేశాడనీ చరిత్రకారుడు ప్రొకోపియస్ చెప్పాడు. వాటిలో దీపవృక్షం ఉన్నదని మాత్రం ఆయన విడిగా పేర్కొనలేదు. ఆ తరువాత వాటి జాడ చరిత్రలో కనబడదు.

రోమ్‌లోని యూదులు ఈ తోరణం కిందుగా నడవకపోవడం తరతరాలుగా ఆచారంగా ఉండేది. తమ పూర్వికుల దేవాలయం నుంచి దోచిన సొమ్మును శత్రువులు మోసుకుపోతున్న దృశ్యం కింద వారు ఎలా నడవగలరు? 1949లో ఇజ్రాయెల్ దేశం తన అధికార చిహ్నాన్ని నిర్ణయించినప్పుడు, అందులోని దీపవృక్షానికి ఈ ఫలకంలోని రూపాన్నే నమూనాగా ఎంచుకొంది.