ముందు లేచే టైము చూసుకో

చిన్నూ,

మొన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయావు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. కాసేపటికి "ఆఁ పెద్దమ్మా, ఏమన్నావు?" అని అడిగావు. అప్పటిదాకా మాట్లాడుతున్నది నువ్వు, నేను కాదు. గట్టిగా అడిగితే "ఐదు గంటల నిద్ర నాకు అలవాటైపోయిందిలే" అని తేల్చేశావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

అలవాటవదు నాన్నా. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. నాకూ అలవాటైందనే అనుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక పేషెంటుకు టెంపరేచర్ చూసి చార్టులో రాశాను, పక్క బెడ్ ఆయనకూ చూశాను. తెల్లారాక చూస్తే మొదటి ఆయన గడిలోనే రెండు అంకెలున్నాయి, ఒకదాని మీద ఒకటి. రెండో ఆయన గడి ఖాళీ. చేతిరాత నాదే, రాసిన గుర్తు మాత్రం లేదు. అది టెంపరేచర్ కాబట్టి సరిపోయింది. అదే మందు మోతాదు అయ్యుంటే? తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆ రాత్రి ఎవరైనా అడిగి ఉంటే, నేనూ నీలాగే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని.

నాకు భయం వేసేది అందుకే. అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కొందరిని 14 రోజుల పాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికొచ్చేసరికి పరీక్షల్లో వాళ్లు, రాత్రంతా కన్ను మూయని మనిషి ఎంత తడబడతాడో అంత తడబడ్డారు. మగతగా ఉందా అని అడిగితే మాత్రం, మొదటి రోజుల్లో చెప్పినదానికంటే పెద్దగా ఎక్కువ చెప్పలేదు. తప్పులు పెరుగుతూనే ఉన్నాయి, వాళ్లకు తెలియడం ఆగిపోయింది. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నీకు ఐదు సరిపోతోందా లేదా అనేది నిన్ను అడిగి తేల్చే విషయం కాదు.

"తొందరగా పడుకో" అని నేను చెప్పను. ఆ మాట అందరూ చెప్తారు, దానివల్ల ఉపయోగం లేదు. పది గంటలకే దీపం ఆర్పేసి రెండింటి దాకా అటూ ఇటూ దొర్లుతావు, అంతే. నిద్ర పట్టడం మన చేతిలో లేదు. లేవడం మన చేతిలో ఉంది. అందుకని ముందు లేచే టైము పెట్టుకో. ఆరున్నర అనుకుంటే ఆరున్నరే. రాత్రి ఎప్పుడు పట్టినా, సెలవైనా, ఆదివారమైనా అంతే.

ఎందుకంటే మనల్ని పడుకోబెట్టేవి రెండు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. రెండోది ఒంట్లో ఉండే గడియారం. ఆ గడియారం వెలుతురును బట్టి తనను తాను సరిచేసుకుంటుంది. ఆదివారం పదకొండింటికి లేచావనుకో, రెండూ చెడతాయి. రాత్రికి అడినోసిన్ సరిపడా పోగవదు, గడియారమూ వెనక్కి జరుగుతుంది. సోమవారం పొద్దున నీ మొహం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. లేవగానే కిటికీ దగ్గరికో బయటికో వెళ్లి కాసేపు వెలుతురులో నిలబడు. మొదటి వారం నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో, కానీ లే.

కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. కాఫీ వల్ల అడినోసిన్ పోదు. కెఫిన్ దాని చోట్లో కూర్చుని, మగత నీకు తెలియకుండా చేస్తుంది, అంతే. ఐదారు గంటల తర్వాత కూడా అందులో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. పగలు కునుకు తప్పదనుకుంటే మూడింటిలోపు, ఇరవై నిమిషాలు చాలు.

"నిద్ర సుఖమెరుగదు" అంటారు కదా. నీ గదిలో సుఖానికి లోటు లేదు, నిద్రే రావడం లేదు. దానికి కారణం నీ మంచమే అని నా అనుమానం. ఆఫీసు పని దాని మీదే, వీడియోలూ దాని మీదే, రేపటి టెన్షనూ దాని మీదే. మంచం చూడగానే మెదడు పనికి సిద్ధమవుతోంది. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్టు దీనికొక పద్ధతి చెప్పాడు. నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి, పట్టకపోతే లేచిపోవాలి. ఇరవై నిమిషాలైంది అనిపిస్తే చాలు, గడియారం చూడకు. లేచి వేరే గదిలో చిన్న లైటు వేసుకుని, ఇదివరకు చదివేసిన పుస్తకమేదైనా పట్టుకుని కుర్చీలో కూర్చో. ఒకే లైను రెండోసారి చదువుతున్నావని తెలుస్తుంది చూడు, అప్పుడు వెళ్లి పడుకో. మళ్లీ పట్టకపోతే మళ్లీ లే. నైట్ డ్యూటీలు మానేశాక ఒక రాత్రి నేను నాలుగుసార్లు లేచాను. ఏడుపొచ్చింది. మూడో వారానికి తల ఆనించగానే నిద్ర పట్టింది.

ఫోన్ మాత్రం గది బయట పెట్టు, అలారానికి విడిగా గడియారం కొనుక్కో. పడుకోబోయే ముందు గుర్తొచ్చే పనులన్నీ సాయంత్రమే ఒక కాగితం మీద రాసిపెట్టుకో. నిద్రమాత్రలు నీ అంతట నువ్వు కొనుక్కుని వేసుకోవద్దు.

ఇంకో రెండు విషయాలు, ఇవి నిజంగా పట్టించుకో. నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నావని ఎవరైనా చెబితే డాక్టరుకు చూపించుకోవాలి, నిద్ర అలవాట్లు మార్చుకుంటే తగ్గేది కాదు అది. అలాగే వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే కూడా వెళ్లు. మందులకంటే ముందు ఈ పద్ధతులతోనే చేసే చికిత్స ఉంది, దాని గురించి అడుగు. ఇక కళ్లు బరువెక్కినప్పుడు బండి నడపకు. 17 గంటలు వరుసగా మెలకువగా ఉన్న మనిషి, కాస్త తాగిన మనిషిలాగే తడబడతాడని పరీక్షల్లో తేలింది. అర్ధరాత్రి దాకా పని చేసి ఇంటికి బయల్దేరేటప్పుడు ఈ లెక్క నువ్వే వేసుకో.

రేపటి నుంచి పొద్దున ఆరున్నరకు ఫోన్ చేస్తాను. ఎత్తి "లేచాను" అని చెప్పు చాలు, పెట్టేస్తాను. రాత్రి పదిన్నర దాటాక నువ్వు పెట్టే మెసేజ్‌లు మాత్రం తెల్లారాకే చూస్తాను.

నీ పెద్దమ్మ