ట్యాగుల ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. ఆన్‌లైన్‌లో జనం ఫొటోలకు, లింకులకు పెట్టే ట్యాగుల మీద నెట్‌వర్క్ అనాలిసిస్ ప్రాజెక్టు చేస్తానంటోంది. దీనికి ఉద్యోగాలుంటాయా? టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన కోసం వెతక్కండి, దొరకదు. కానీ సెర్చ్, సినిమాలూ వస్తువులూ సూచించే రికమెండేషన్ విభాగాల్లో జరిగే పని దీనికి బాగా దగ్గర.

ఆర్‌కే బీచ్ ఫొటోకి ఒకరు ‘వైజాగ్’ అని ట్యాగ్ పెడతారు, ఇంకొకరు ‘విశాఖ’ అంటారు. రెండూ ఒకే ఫొటో మీద పడకపోవచ్చు. అయినా బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ అంటూ రెండింటికీ చుట్టాలు ఒకరే. ఒకే ఫొటో మీద కలిసి పడిన ట్యాగుల మధ్య గీతలు గీస్తే, ఆ రెండూ ఒకే ఊరై ఉండొచ్చని ఎవరూ చెప్పకుండానే కంప్యూటర్‌కి ఆచూకీ దొరుకుతుంది. చిక్కల్లా ‘బీచ్’తోనే. అది గోవాకీ గీత గీస్తుంది. అలాంటి ట్యాగులకు ఎంత బరువు తగ్గించాలో తేల్చడమే అసలు పని.

2003లో మొదలైన డెలిషియస్ అనే బుక్‌మార్కుల సైట్‌ను గోల్డర్, హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు పరిశీలించారు. ఒక లింకును సుమారు వంద మంది దాచుకునేసరికి ఏ ట్యాగు వాటా ఎంతన్నది దాదాపు స్థిరపడుతోందని గమనించారు. ఎవరికి తోచింది వాళ్లు రాసినా అలా కుదురుకోవడం నాకైతే ఇప్పటికీ వింతే.

డేటా కొనక్కర్లేదు. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల మూవీలెన్స్ చిన్న ఫైల్‌లో 9,742 సినిమాల జాబితా, జనం 3,683 సార్లు పెట్టిన ట్యాగులు ఉంటాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రోగ్రాం రాయడానికి పైథాన్, అందులో నెట్‌వర్క్ లెక్కలకు నెట్‌వర్క్‌ఎక్స్, బొమ్మ గీయడానికి గెఫీ, అన్నీ ఉచితమే. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే షాపుల జోలికి మాత్రం పోనివ్వకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

క్యాంపస్ సెలెక్షన్లలో మొదట అడిగేది ఆప్టిట్యూడ్, కోడింగ్, డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. ప్రాజెక్టు మోజులో వాటిని పక్కన పెడితే మీ భయమే నిజమవుతుంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కూడా గట్టిగా చూసుకోమనండి.

ఈ పని నచ్చితే ఎంటెక్ ఆలోచించవచ్చు. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ ఉంది. అది ప్రాజెక్టు సగమయ్యాక తేల్చుకోవచ్చు, ఇప్పుడే కోచింగ్ ఫీజు కట్టెయ్యకండి.